చేతిలో డబ్బుల్లేనప్పుడు ఇంటికొచ్చిన కుక్కపిల్ల: ఏ ఖర్చు ముందు, ఏ ఖర్చు మానుకోవచ్చు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. విజయవాడలో అద్దె ఇల్లు, మీరూ మీ ఆవిడా ఏడేళ్ళ పాపా. రెండు నెలలుగా మీకు ఉద్యోగం లేదు, ఆవిడ కుట్టుపని మీద ఇల్లు నడుస్తోంది. ఇంతలో పాప పుట్టినరోజని మీ తోడల్లుడుగారు 45 రోజుల లాబ్రడార్ పిల్లని తెచ్చి చేతిలో పెట్టి వెళ్ళారు. పెట్ షాపులో అడిగితే సామానుకే ఆరువేల లిస్టు రాసిచ్చారు. నెలకి నిజంగా ఎంతవుతుంది, ఏది మానుకోవచ్చు, పెంచలేకపోతే ఎవరికైనా ఇచ్చేయడం తప్పా అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. కృష్ణా జిల్లాలో ప్రభుత్వ పశువైద్యశాలల్లో డాక్టర్ల పక్కన ఉండి సూదులు వేసి, డ్రిప్పులు పెట్టి రిటైరైనవాణ్ణి. గేదెలతో మొదలుపెట్టిన ఉద్యోగం, ఊళ్ళు పెరిగేకొద్దీ సగం కుక్కలతోనే గడిచింది. డబ్బున్నవాళ్ళ కుక్కలూ చూశాను, లేనివాళ్ళవీ చూశాను. బతికిన పిల్లలకీ పోయిన పిల్లలకీ మధ్య తేడా చాలాసార్లు డబ్బు ఎంత పెట్టారన్నది కాదు, ముందు దేనికి పెట్టారన్నది.

ఆ ఆరువేల లిస్టు పక్కన పడేయండి. అందులో ఏముంటుందో నాకు తెలుసు: పరుపు, షాంపూ, పౌడరు, బొచ్చు నిగనిగలాడే నూనె, కాల్షియం సిరప్, లివర్ టానిక్, నమిలే బొమ్మలు. పరుపుకి బదులు మడతపెట్టిన పాత దుప్పటి మీద గోనెసంచి చాలు. దాన్ని వారానికోసారి ఉతికి ఎండలో వేయండి. పళ్ళు వచ్చే దురదకి పాత తువ్వాలు తడిపి ముడివేసి ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే ఏ బొమ్మా అక్కర్లేదు. స్నానం నెలకోసారి మామూలు నీళ్ళతో సరిపోతుంది, అదీ టీకాలు పూర్తయ్యాక. కాల్షియం సిరప్ గురించి కింద చెబుతాను, అది డబ్బు దండగే కాదు, లాబ్రడార్‌కి చెడు కూడా చెయ్యగలదు.

ఇక ఖర్చు పెట్టి తీరాల్సింది టీకాలకి, నట్టల మందుకి, అంటే కడుపులో పురుగులు పోయే మందుకి.

పార్వో అనే జబ్బు పేరు విని ఉంటారు. ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లల్ని ఎక్కువగా పట్టుకుంటుంది. పొద్దున ఆడుకున్న పిల్ల సాయంత్రానికి ఓ మూల ముడుచుకుంటుంది, తిండి ముట్టదు, నురగలా కక్కుతుంది, తర్వాత రక్తం కలిసిన విరేచనం. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్ళు మళ్ళీ మర్చిపోరు, మా ఆసుపత్రిలో గుమ్మం దగ్గరే పోల్చేసేవాళ్ళం. దానికి సూటిగా వైరస్‌ని చంపే మందంటూ సాధారణ వైద్యంలో లేదు. డ్రిప్పులు పెట్టి, వాంతులు ఆపి, ఒళ్ళు తనంతట తాను గెలిచేదాకా నిలబెట్టాలి. ప్రైవేటులో ఆ నాలుగైదు రోజులకి ఎనిమిది నుంచి పదిహేను వేలు అవడం మామూలు, అప్పుడు కూడా బతుకుతుందని ఎవరూ రాసివ్వరు. పిల్లకి వేసే మొత్తం టీకాలకి దాంతో పోలిస్తే చాలా తక్కువే. డబ్బు లేనివాళ్ళకే టీకా ఎక్కువ అవసరం అని నేను అందరితో అనేది అందుకే.

మామూలుగా వేసే పద్ధతి ఇది. ఆరు వారాలకి పప్పీ డీపీ (డిస్టెంపర్, పార్వో జబ్బులకి వేసే మొదటి టీకా), ఎనిమిది తొమ్మిది వారాలకి ఇంకొన్ని జబ్బులకీ కలిపి వేసే పెద్ద టీకా, మూడు నాలుగు వారాల తేడాతో మళ్ళీ అదే, ఆఖరిది పదహారు వారాలు నిండాక. మూడు నెలలు నిండితే రేబిస్. మా వైపు కలిపి వేసే టీకా ఒక్కోటి క్లినిక్కుని బట్టి 500 నుంచి 1000 రూపాయల దాకా, రేబిస్ రెండు మూడు వందల్లో ఉంటోంది.

ఒకటే టీకాని ఇన్నిసార్లు ఎందుకు, డబ్బు గుంజడానికా అని చాలామందికి అనుమానం. కాదు. పుట్టిన మొదటి రోజు తాగే జున్నుపాలలో తల్లి రక్షణ పిల్లకి వస్తుంది. ఆ రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకాని కూడా శత్రువే అనుకుని పనిచెయ్యనివ్వదు. అది ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే విడతలు. దీని అర్థం ఏమిటంటే, చేతిలో డబ్బు తక్కువైతే అందరూ చేసేట్టు మొదటి రెండూ వేయించి ఆఖరిది ఎగ్గొట్టడం తప్పు లెక్క. పదహారు వారాలు నిండాక వేసేదే అన్నిటికంటే గట్టిది. మధ్యలో ఒకటి తప్పినా, అది మాత్రం తప్పకూడదు. అప్పటిదాకా పిల్లని వీధిలో నేల మీద దించకండి. బయట తిరిగిన చెప్పులు గుమ్మం బయటే వదలండి, పార్వో చెప్పులకి అంటుకుని కూడా వస్తుంది, నేలలో నెలల తరబడి చావదు. ఫినాయిల్‌కి అది లొంగదు. బ్లీచింగ్ వాడాలి, పూర్తిగా ఆరాకే పిల్లని అటు వదలాలి.

ప్రభుత్వ పశువైద్యశాలకి వెళ్ళండి. గేదెలకీ మేకలకే కదా అని మొహమాటపడొద్దు. ఓపీ చీటీ రాయించుకుంటే డాక్టరు చూస్తారు. పొద్దున్నే వెళ్ళండి, ఆలస్యమైతే ఊళ్ళ నుంచి మేకలు దిగుతాయి, ఇక మీ వంతు రాదు. అక్కడ రేబిస్ టీకా చాలాసార్లు దొరుకుతుంది, కుక్కపిల్లల కలిపి వేసే టీకా మాత్రం అన్నిచోట్లా ఉండదు. లేదంటే చీటీ రాయించుకుని వెటర్నరీ మెడికల్ షాపులో కొని తెచ్చి ఆసుపత్రిలోనే వేయించుకోవచ్చు, క్లినిక్కు ఫీజు మిగులుతుంది. అయితే తెచ్చేటప్పుడు ఫ్లాస్కులో ఐసుముక్కలు వేసి, సీసాని కవర్లో చుట్టి పెట్టుకు రండి. షాపువాడు ఫ్రిజ్‌లోంచి కాకుండా బల్ల మీద నుంచి తీసిస్తే కొనకండి. మే నెల విజయవాడ ఎండలో జేబులో పెట్టుకొచ్చిన టీకా, నీళ్ళు పొడిచినట్టే. సీసా మీద స్టిక్కరు టీకా కార్డులో అంటించి సంతకం పెట్టించుకోండి.

ఇంకో సంగతి. ఒక డోసు సీసా రెండు పిల్లలకి సగం సగం వేయించుకుంటామని వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, ఖర్చు పంచుకుందామని. పిల్ల ఎంత చిన్నదైనా డోసు మొత్తం పడాలి. సగానికి సగం రక్షణ రాదు, అసలు రాకపోవచ్చు.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడు పిల్లని నేల మీద పెట్టకండి. బుట్టలోనో భుజం మీద తువ్వాల్లోనో ఉంచండి. పార్వో వచ్చిన పిల్లలు కూడా ఆ వరండాలోనే కూర్చుంటాయి మరి. టీకాకి వచ్చి జబ్బు తగిలించుకుపోవడం అంటే ఇదే.

ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ కుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే కుర్రాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించారు, దాని గుర్తుగా జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల) దినం జరుపుతారు. మీ పిల్లకి అప్పటికి మూడు నెలలు నిండితే ఆ ఖర్చు తప్పినట్టే. నిండినా ఆ రోజు నెలలు దూరంలో ఉంటే మాత్రం ఆగొద్దు, ఆ రెండు వందలూ పెట్టేయండి. పెద్ద సమస్య ఏదైనా వస్తే మీకు గన్నవరం వెటర్నరీ కాలేజీ దగ్గర. తిరుపతి, రాజేంద్రనగర్ కాలేజీల్లాగే అక్కడా విద్యార్థులు పని నేర్చుకునే ఆసుపత్రి ఉంటుంది, ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ, చూసేవాళ్ళు ప్రొఫెసర్లు. కాస్త టైం పడుతుంది, అంతే.

నట్టల మందు చవక, దాదాపు అన్ని పిల్లలకీ అవసరం. తల్లి కడుపులోనే, పాలతోనే నట్టలు వస్తాయి. మూడు నెలల దాకా పదిహేను రోజులకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. బరువుని బట్టి కొలిచి పట్టాలి, అందాజాగా కాదు. మీ వీధి కిరాణా కొట్టు కాటా మీద సంచిలో పెట్టి తూచండి, రెండు నిమిషాల పని. పాప ఉంది కాబట్టి ఇది కుక్క కోసమే కాదు: ఆ గుడ్లు మలంలోంచి పిల్లల చేతులకి, నోటికి చేరతాయి. పెంట వెంటనే తీసెయ్యాలి, కుక్కతో ఆడాక పాప సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పాప విషయంలోనే ఇంకో ముఖ్యమైన మాట. ఈ వయసు కుక్కపిల్లలు సూదుల్లాంటి పళ్ళతో ఆటలో గీకుతాయి. తోలు తెగి రక్తం కనిపిస్తే "చిన్నపిల్లే కదా, ఇంట్లో కుక్కే కదా" అనుకోకండి. చిన్న కుక్కపిల్లలకీ రేబిస్ రావచ్చు. పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పాపని మనుషుల ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. అక్కడ రేబిస్ టీకా ఉచితం. పసుపు, సున్నం, కారం లాంటివి పెట్టొద్దు.

ఇక తిండి. మన ఇళ్ళలో రెండు తప్పులు చూస్తుంటాను. ఒకటి పాలు, పెరుగన్నం మీదే పెంచడం. ఆవుపాలకి విరేచనాలు పట్టుకుంటాయి, పెరుగన్నంతో కడుపు ఉబ్బి, కాళ్ళు సన్నబడి, బొచ్చు ముతకబారుతుంది. కుక్కకి మాంసకృత్తులు కావాలి. రెండోది మన కూర మిగిలిందని కలిపి పెట్టడం. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తానికి చెడు చేస్తాయి, మన కూరలో ఆ రెండూ లేకుండా ఏముంది? ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా ముట్టనివ్వకండి.

పూర్తిగా ఇంటి తిండి మీద లాబ్రడార్ పిల్లని పెంచితే కాల్షియం లెక్క తప్పి కాళ్ళు వంకరపోయే ప్రమాదం ఉంది. అలాగని పప్పీ ఫీడ్ పెడుతూ పైన సిరప్ కూడా పోస్తే ఎక్కువై పెద్ద జాతి పిల్లల ఎముకలకి అదీ చేటే. ఫీడ్‌లో కాల్షియం ముందే ఉంటుంది. డబ్బు తక్కువున్నవాళ్ళకి నేను చెప్పే దారి సగం సగం: రోజులో సగం పప్పీ ఫీడ్ నీళ్ళలో నానబెట్టి, మిగతా సగం ఇంట్లో వండింది. సిరప్ వద్దు. ఫీడ్ పెద్ద సంచి కొంటే కిలో ధర తగ్గుతుంది, తెలిసినవాళ్ళెవరైనా అదే వాడుతుంటే పంచుకోండి. తెరిచిన సంచిలోంచి లూజుగా తూచి ఇచ్చేది మాత్రం తేకండి, మా వైపు తేమకి బూజు పడుతుంది.

వండేదానికి చికెన్ కొట్టు ఉంది. బ్రెస్టు పీసు అక్కర్లేదు. కందనకాయలు, తలకాయలు, కాళ్ళు చవకగా ఇస్తారు, రోజూ తీసుకెళ్తామంటే ఇంకా తగ్గిస్తారు. కడిగి, ఉప్పు కారం లేకుండా కుక్కర్లో వేసి, తలకాయ బొమిక రెండు వేళ్ళ మధ్య నొక్కితే సున్నంలా నలిగేదాకా ఉడికించండి. నలగని బొమిక ఏదున్నా ఏరి పారెయ్యాలి. ఉడికిన గట్టి బొమిక పుల్లలా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. అందులోనే నూకలు, ఓ గుమ్మడికాయ ముక్కో క్యారెట్టో వేసి మెత్తగా వండితే ఒక పూటది అయిపోతుంది. మాంసం ఇంట్లోకి రాని వాళ్ళయితే ఉడికిన గుడ్డు. లివర్ వారానికి ఒకటి రెండుసార్లు మించొద్దు. మూడు నెలల దాకా రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెంగా, ఆరు నెలల దాకా మూడుసార్లు, తర్వాత రెండు. లాబ్రడార్ ఎంత పెట్టినా ఇంకా కావాలన్నట్టే చూస్తుంది, ఆ చూపుకి లొంగకండి. పక్కటెముకలు కంటికి కనపడకూడదు, చేతికి తగలాలి, అదే కొలత.

ఈ పద్ధతిలో ఇప్పుడు తిండికి నెలకి ఆరేడు వందలు, ఆరు నెలలొచ్చేసరికి పదిహేను వందల పైన పడుతుంది. పెద్దదయ్యాక ముప్ఫై కిలోల కుక్క. అంతా ఫీడే పెడితే నెలకి పది పన్నెండు కిలోలు తింటుంది. ఈ సంగతి ఇప్పుడే చెబుతున్నాను, ఎందుకంటే మీ అసలు ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

పిడుదుల గురించి చెప్పకపోతే కుదరదు, మన ఎండలకి ఏడాది పొడుగునా ఉంటాయి. చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య, మెడ కింద రోజూ చేత్తో తడిమి చూడండి. దొరికినవాటిని చిమటాతో తీసి సబ్బునీళ్ళలో వేయండి, గోటితో చిదమకండి. గోడ పగుళ్ళలో కూడా దాక్కుంటాయి, వాటిని మూయించండి. పశువులకి కొట్టే పిడుదుల మందు చవకని పిల్లకి పూస్తారు కొందరు. కిరసనాయిలు, ఇంజనాయిలు కూడా. తోలు కాలిన పిల్లల్ని, వణుకుతూ సొంగ కార్చే పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తుకొస్తారు. వద్దు. పిల్ల వయసుకి, బరువుకి సరిపడే మందు డాక్టర్ని అడిగి రాయించుకోండి.

డబ్బు ఆదా అని ఇంట్లో ఉన్న మాత్రలు వేయడం ఇంకో ప్రమాదం. లెక్క చూడండి: 650 పారాసెటమాల్ ఒక్కటి నాలుగు కిలోల పిల్లకి వేస్తే కిలోకి 160 మిల్లీగ్రాములు దాటుతుంది, కాలేయం దెబ్బతినే మోతాదు అది. ఒళ్ళునొప్పులకి మనం వేసుకునే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇంకా ఘోరం.

ఎప్పుడు పరిగెత్తాలో ఎలా తెలుస్తుంది? పై పెదవి ఎత్తి చిగురు చూడండి. గులాబి రంగులో ఉండాలి. బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్ల లోపు రంగు తిరిగి రావాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఓ రెండుసార్లు నొక్కి చూసి పెట్టుకోండి, అప్పుడు తేడా మీకే తెలుస్తుంది. చిగురు పాలిపోయినా, జిగటగా ఎండినా, కక్కుడూ విరేచనం రెండూ కలిసి వచ్చినా రేపటిదాకా ఆగకండి. కక్కుతున్న పిల్లకి బలవంతంగా నోట్లో నీళ్ళు పోయకండి. అంత దూరం వస్తే ప్రభుత్వ ఆసుపత్రిలోనే డ్రిప్పు పెట్టించుకోవచ్చు, సెలైన్ సీసాలు, సెట్టు బయట కొనుక్కు రమ్మనవచ్చు. రోజూ తీసుకెళ్ళే ఓపిక ఉంటే ప్రైవేటు ఖర్చులో చిన్న భాగంతో తేలుతుంది.

డబ్బు ఎక్కడి నుంచి అంటారా, అప్పు మాత్రం చెయ్యకండి. తోడల్లుడుగారిని అడగండి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. కుక్కపిల్లని బహుమతిగా ఇచ్చినవాళ్ళు దాని మొదటి టీకాలు వేయించడం మర్యాద. "పిల్లనైతే ఇచ్చారు బావగారూ, మా పరిస్థితి మీకు తెలుసు, ఈ నాలుగు నెలల సూదులు మీరు చూసుకోండి, తిండి మేం చూసుకుంటాం" అని మీ ఆవిడ చేత చెప్పించినా సరే. పైగా ఆయన 45 రోజులకే తల్లి దగ్గర్నుంచి తెచ్చేశారు. 2017లో వచ్చిన కేంద్రం నియమాల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మడమే కుదరదు. తల్లి ఉన్న ఇల్లు తెలిసినవాళ్ళదే అయితే, అక్కడ జబ్బేమీ లేకపోతే, ఇంకో పదిహేను రోజులు అక్కడే ఉంచమని అడగొచ్చు. మీకు ఖర్చు తగ్గుతుంది, పిల్ల ఎంత గట్టిగా కరిస్తే నొప్పో తోబుట్టువుల దగ్గర నేర్చుకుంటుంది.

ఇక ఇచ్చేయడం తప్పా అన్నారు. తప్పు కాదు. కానీ దానికి వయసు ఉంది. రెండు నుంచి నాలుగు నెలల పిల్ల కావాలనేవాళ్ళు చాలామంది. ఏడాది నిండి ముప్ఫై కిలోలై, ఇంట్లో చెప్పులన్నీ కొరికిన కుక్కని ఎవరూ తీసుకోరు. కాబట్టి మీరు మూడు నెలల వయసు దాకా గడువు పెట్టుకోండి. అప్పటికి ఉద్యోగం దొరికినా, దొరకకపోయినా తిండికి నెలకి పదిహేను వందలు ఆగకుండా పెట్టగలమని మీ ఆవిడతో కూర్చుని లెక్క తేలినా, ఉంచుకోండి. ఇంటి ఓనరుతో కూడా ఈలోపే మాట్లాడండి, పిల్లగా ఉన్నప్పుడు ఊరుకున్నవాళ్ళు పెద్దయ్యాక ఖాళీ చెయ్యమంటారు. లెక్క తేలకపోతే అప్పుడే ఇచ్చేయండి, పాపకి ముందు నుంచే చెబుతూ ఉంటే తట్టుకుంటుంది.

ఇచ్చేటప్పుడు వాళ్ళ ఇల్లు ఒకసారి చూసి రండి. తోట కాపలాకి అంటే గొలుసు బతుకు. ఈతలకి, అంటే పిల్లల్ని పెట్టించి అమ్ముకోవడానికి అడిగేవాళ్ళకి అసలు ఇవ్వకండి, డబ్బిస్తామన్నా సరే. టీకా కార్డు చేతిలో పెట్టి ఇవ్వండి, కార్డున్న పిల్లకి మంచి ఇల్లు తొందరగా దొరుకుతుంది. షెల్టర్లు ఎక్కడ చూసినా నిండిపోయి ఉన్నాయి, అది ఆఖరి దారి. చికెన్ కొట్టు దగ్గరో గుడి దగ్గరో వదిలేస్తే ఎవరో పెడతారులే అన్న సలహా మీకు తప్పకుండా ఎవరో ఒకరు ఇస్తారు. లాబ్రడార్ వీధిలో బతకలేదు, వీధికుక్కలు రానివ్వవు. అలా వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా.

ముందుగా ఈ వారంలో మూడు సంగతులు కనుక్కోండి: తల్లికి టీకాలు పడ్డాయా, పిల్లకి నట్టల మందు ఏ తేదీన పట్టారు, పప్పీ డీపీ వేశారా. వేశామంటే స్టిక్కరు ఉన్న కార్డు అడగండి, నోటిమాట లెక్కలోకి రాదు. కార్డు లేకపోతే వెయ్యనట్టే అనుకుని సోమవారం పొద్దున బుట్టలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి. వెళ్ళేముందు కిరాణా కొట్టు కాటా మీద తూచడం మర్చిపోకండి, డాక్టరుగారు మొదట అడిగేది బరువే.